పెద్దమనిషి యగుట

మోమిన్‌పేట చుట్టుపట్టు పల్లెలలో ఆడపిల్ల మొదటిసారి రజస్వల యైనప్పుడు తల్లి ఇరుగుపొరుగువారితో చెప్పు మాట "మా బిడ్డ పెద్దమనిషైంది" అనునది. ఆ పల్లెలలోనే పొలము గట్టు తగవో, అన్నదమ్ముల పాళ్ల తగవో పుట్టినప్పుడు ఇరుపక్షములవారును పోయి, తీర్పు చెప్పుమని బతిమాలి తెచ్చి కూర్చుండబెట్టుకొను నెరసిన తల మగవానిని గూడ పెద్దమనిషి యనియే యందురు. పండ్రెండు పదుమూడేండ్ల బాలికకును అరువదేండ్ల గృహస్థునకును ఒకే మాట చెల్లుట చూచి, ఇది భాషలోని కాకతాళీయమని తోసివేయుట సులభమే; కాని ఆ మాట ఇద్దరికిని తెచ్చిపెట్టు ఫలములను పోల్చి చూచినచో, మనిషి బాల్యము విడిచి పెద్దతనములోనికి ప్రవేశించుటను గూర్చి మనస్తత్వశాస్త్రమును సమాజశాస్త్రమును నూటయిరువది యేండ్లుగా వాదించుకొనుచున్న విషయమంతయు ఆ పోలికలోనే ముడివడి యున్నట్లు కనబడును. బాలికకు ఆ పేరు దేహము తెచ్చినది. పురుషునకు ఊరు ఇచ్చినది. ఆ పేరు వచ్చిన దినమునుండి బాలిక తిరుగు చోటులు తగ్గును, నోరు తగ్గించుకొమ్మని చెప్పువారు పెరుగుదురు. ఆ పేరు వచ్చిన దినమునుండి పురుషుని మాట నలుగురిలో చెల్లుబాటగును.

వికారాబాదునుండి సదాశివపేటకు పోవు దారిలో నున్న మోమిన్‌పేట మండలము 2016 అక్టోబరు 11 వరకు రంగారెడ్డి జిల్లాలోనిది. ఆనాడు వికారాబాదు ప్రత్యేక జిల్లా కాగా అందులో చేరినది. దక్షిణమున మూసీనది పుట్టు అనంతగిరి కొండలు, నైరుతిని నాపరాతి గనులకును కందిపప్పునకును పేరొందిన తాండూరు, తూర్పున ఉదయము బస్సెక్కి పోయి సాయంకాలమునకు తిరిగి రాదగిన దూరమున హైదరాబాదు మహానగరము: ఈ మూడింటి నడుమ, పత్తిచేలు కందిచేలు గల నేలపై పెరుగు పిల్లవాడు ఏ వయస్సున, ఏ గుర్తుచేత, ఎవరి యంగీకారముతో పెద్దవాడగుచున్నాడు? ఈ ప్రశ్నకు పాశ్చాత్యశాస్త్రములు చెప్పిన సమాధానములను ఒక్కొక్కటిగా తెచ్చి ఈ నేలమీద నిలిపి చూడవలెననియే ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

శాస్త్రముల జోలికి పోవుటకు ముందు మన భాష ఈ విషయమున ఎంత సూక్ష్మముగా నున్నదో గమనింపవలెను. చంటితనము విడిచిన బిడ్డకు "ఊహ తెలిసిన"దందుము. దేహము మారినప్పుడు "ఈడు వచ్చిన"దందుము. కొడుకు సంపాదనలో పడినప్పుడు తండ్రి "మా పోరడు చేతికొచ్చిండు" అని తృప్తిపడును. పెండ్లియైనప్పుడు "ఓ ఇంటివాడైనాడు" అందుము. అన్నదమ్ములు పొయ్యి వేరు చేసికొన్నప్పుడు "వేరుపడినా"రందుము. అన్నిటికిని కడపట, ఎప్పుడో, కొందరికి మాత్రమే, పెద్దమనిషి యను గౌరవము లభించును. ఊహ, ఈడు, సంపాదన, ఇల్లు, వేరు, గౌరవము: ఇవన్నియు ఒకే దినమున వచ్చునవి కావనియు, ఒకదానివెంట ఒకటి రావలసిన నియమము గూడ లేదనియు ఈ మాటలే చెప్పుచున్నవి. పాశ్చాత్య సమాజశాస్త్రజ్ఞులు చదువు ముగియుట, ఉద్యోగము, ఇల్లు విడుచుట, వివాహము, సంతానము అను అయిదు గుర్తులను పెద్దతనమునకు లెక్కగట్టిరి. వానిలో ఇల్లు విడుచుట యను గుర్తు మన కొడుకులకు పట్టదు. మన కూతుండ్రకు మాత్రము అది వివాహముతో కలసి ఒకేనాడు వచ్చి పడును.

1904లో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు జి. స్టాన్లీ హాల్ కౌమారమును గూర్చి రెండు పెద్ద సంపుటములు ప్రకటించి, ఆ వయస్సు స్వభావముచేతనే తుపానువంటిదని సిద్ధాంతము చేసెను. దేహములోని మార్పే మనస్సులోని కల్లోలమునకు మూలమని ఆయన తలంపు. 1925లో ఇరువదిమూడేండ్ల వయస్సున సమోవా ద్వీపములకు పోయిన మానవశాస్త్రజ్ఞురాలు మార్గరెట్ మీడ్, అచటి బాలికలు కల్లోలమేమియు లేకయే సుఖముగా పెద్దవారగుచున్నారనియు, తుపాను దేహములో లేదు సంస్కృతిలో నున్నదనియు 1928లో గ్రంథము వ్రాసెను. ఆమె మరణానంతరము 1983లో డెరెక్ ఫ్రీమన్ అనునతడు ఆమె చూచినది సరికాదని వేరొక గ్రంథము వ్రాయగా, ఆ వివాదము పండితులలో చాలకాలము సాగినది. ఆమె చూపిన సమోవా చిత్రము ఎంతవరకు నిలుచునన్నది నేడు నాకు ప్రధానముగా తోచుట లేదు. ఒకే దేహపరిణామమునకు వేరువేరు సమాజములు వేరువేరు అర్థములు కల్పించునన్న మూలసూత్రము మాత్రము నిలిచినది. దానిని నిరూపించుటకు సమోవా వరకు పోనక్కరయు లేదు. హాల్ కౌమారపు తుపానును వర్ణించుచున్న కాలముననే తెలుగునాట ఎందఱో బాలికలకు కౌమారమను దశయే లేకుండెను. విజయనగర సంస్థానాధీశుడు విశాఖపట్టణ మండలమున జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టీ తీయించగా అవి 1,034 అని తేలినట్లును, వధువులలో అయిదేండ్లవారు, అంతకు చిన్నవారు గూడ నున్నట్లును గురజాడ అప్పారావు 1897లో తన నాటకమునకు వ్రాసిన పీఠికలో తెలిపెను. అయిదేండ్లకు పెండ్లికూతురై, పదునాలుగేండ్లకు తల్లియో విధవయో అగు బాలిక బాల్యమునుండి నేరుగా సంసారములో పడినది. నడుమ తుపాను పుట్టుటకైనను తావు కావలెను గదా!

ఆ తావును కల్పించుటకే శాసనములు పుట్టినవి. 1929 నాటి శారదా చట్టము వధువునకు 14, వరునకు 18 ఏండ్లు నిర్ణయించినది. 1949లో వధువు వయస్సు 15గను, 1978లో 18గను పెరుగగా వరునిది 21 అయినది. 2006లో బాల్యవివాహ నిషేధ చట్టము వచ్చినది. అయితే శారదా చట్టము బ్రిటిషు ఇండియాకు చేసినది. మోమిన్‌పేట, తాండూరు ప్రాంతములు నిజాము రాజ్యములోనివి. అందుచేత రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులు 1881లోనే విధవావివాహము జరిపించి కదలించిన తలంపులు ఈ మెట్టనేలకు చాల ఆలస్యముగా, చాల పలుచగా వచ్చి చేరినవి. ఆ యాలస్యపు జాడ నేటికిని చెరగలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 23.5 మంది పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహితలు. ఆ సగటును మించిన జిల్లాలలో వికారాబాదు ఒకటి.

చట్టముకంటె బలముగా కౌమారమను దశను ఈ నేలపై నిలిపినది బడి. ఈ మాట నేను ఆలోచించియే చెప్పుచున్నాను. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేర నెలకొన్న ఫౌండేషను, హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్ర ఆచార్యురాలైన శాంతా సిన్హా నాయకత్వమున, 1991 ప్రాంతమున ఆనాటి రంగారెడ్డి జిల్లాలోనే తన పని ఆరంభించినది. పశువుల వెంట, పత్తిచేలలో, దొరల ఇండ్లలో జీతమున్న పిల్లలను తెచ్చి, శిబిరములలో నుంచి, వయస్సునకు తగిన తరగతికి సిద్ధపరచి బడిలో చేర్చుట వారి పద్ధతి. "పేదవాని బిడ్డ పనిచేయక తప్పదు" అను మాటను వారు ఒప్పుకొనలేదు. పగటి బడికి పోని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని వారు గీసిన గీత అప్పట్లో చాలమందికి అతిశయోక్తిగా తోచినది. ఇంటిలో తమ్ముని ఎత్తుకొని యుండు ఆడపిల్ల గూడ ఆ గీతలోనికి వచ్చినది గనుక, ఆ మాటలోని నిజము కాలక్రమమున తెలిసివచ్చినది. ఆ కృషికి 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది. నా దృష్టిలో అంతకంటె పెద్ద ఫలము వేరొకటి కలదు: పదునాలుగేండ్ల పిల్లవాడు "పనికి వచ్చిన"వాడు కాడు, "చదువుకొను"వాడు అను భావము ఈ ప్రాంతపు తల్లిదండ్రుల మనస్సులో నాటుకొన్నది. మీడ్ పండితురాలు సమోవాలో వెదకిన సత్యమును ఈ జిల్లా పల్లెలు తమ చేతులతో చేసి చూపినవి: కౌమారము ప్రకృతి ఇచ్చునది మాత్రమే కాదు, పెద్దలు పిల్లలకు ఇచ్చుకొనునది గూడ.

ఇచ్చుట యను మాట వచ్చినది గనుక మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఎరిక్ ఎరిక్సన్ దగ్గరకు పోవుదము. 1950లో ఆయన ప్రకటించిన గ్రంథములో మనుష్యజీవితమును ఎనిమిది దశలుగా విభజించి, ప్రతి దశకును ఒక సంకటము గలదనెను. అయిదవది కౌమారము, "నేనెవరిని?" అను ప్రశ్న అప్పటిది. ఆఱవది యౌవనము, మరియొకరితో హృదయము కలుపుకొనుట అప్పటి పని. తన్ను తాను ఎరిగినవాడే ఇతరునితో తన్ను తాను పోగొట్టుకొనకుండ కలియగలడని ఆయన క్రమము. ఈ అయిదవ దశకు సమాజము ఇచ్చు విరామమునకు ఆయన వాడిన పదము అప్పుల లోకములోనిది: బాకీ చెల్లింపునకు ఇచ్చు గడువు. వానలకును వడ్డీలకును నడుమ నలుగు మెట్టసేద్యగాండ్రకు గడువు అనగా ఏమో ఒకరు చెప్పనక్కరలేదు. జీవితము అడుగు బాకీని వెంటనే చెల్లింపనక్కరలేని కొన్ని యేండ్లు, తప్పు చేసి దిద్దుకొనుటకు వీలైన కొన్ని యేండ్లు దొరకవలెనని ఎరిక్సన్ భావము. మన ప్రాంతమున ఆ గడువు ఎవరికి ఎంత దొరకుచున్నదో చూచినచో ఆయన క్రమము తలక్రిందగుట కనబడును. పదునేడేండ్లకే పెండ్లియైన పిల్లకు ఆఱవ దశ అయిదవదానికంటె ముందు వచ్చినది. తానెవరో తెలియకమునుపే ఆమె ఒకరి భార్య, ఒకరి కోడలు, ఏడాది తిరుగకుండ ఒకరి తల్లి. ఆ ప్రశ్న ఆమెకు లేదని గాదు. ఎదిగిన కూతురు కాలేజీకి పోవు దినములలో, ముప్పదియైదేండ్ల తల్లి "నేనుగూడ సదువుకుంటే" అని నిట్టూర్చినప్పుడు అది బయటపడును. గడువీయని బాకీ తీరినట్లు కనబడినను వడ్డీతో నిలిచియే యుండును.

ఎరిక్సన్ మనదేశమునకు వచ్చి, 1918 నాటి అహమ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మెను ఆధారము చేసికొని గాంధీజీపై 1969లో గ్రంథము ప్రకటించెను. ఆయనకు సన్నిహితుడైన సుధీర్ కక్కర్ 1978లో వ్రాసిన గ్రంథమున భారతీయ శిశువు తల్లి యొడిలో ఎక్కువకాలము పెరిగి, ఉమ్మడి కుటుంబములో తన హద్దులు కరగిన "నేను"గా ఎదుగునని వివరించి, మన ఆశ్రమధర్మములతో ఎరిక్సన్ దశలను పోల్చెను. ఆ పోలిక అందమైనదే గాని, బ్రహ్మచర్యము, గార్హస్థ్యము అను చక్కని మెట్లు ద్విజపురుషుని కొరకు కట్టినవి. రాళ్ల గనిలో పనిచేయువాని కొడుకునకును, జీతగాని కూతురునకును ఆ మెట్లపై అడుగుపెట్టు వీలు ఏనాడును లేకుండెను. బాల్యముననే దొర ఇంట జీతమునకు కుదిరిన పిల్లవాడు పదేండ్లకే సంపాదించెను. ఆ సంపాదన తండ్రి అప్పునకు జమయైనది. ముప్పదేండ్లు వచ్చినను దొరకు వాడు "ఒరే" యే. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఆ బంధమును నేరముగా ప్రకటించునంతవరకు, పని చేయుటయే పెద్దతనమను సిద్ధాంతమునకు వాడు నడచుచున్న ఖండనము. దేవతకు విడువబడిన జోగిని బాలికకు ఈడు వచ్చుట మాత్రము గుర్తింపబడెను, ఇంటిది యగు భాగ్యము ఈయబడలేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనము ఆ యాచారమును నిషేధించినది. కావున ఏ దశల పట్టిక చూచినను, "ఇది ఏ కులపు బిడ్డను చూచి వ్రాసినది?" అని అడిగిన తరువాతనే నమ్మవలెను.

సమాజము ఒక దశనుండి మరియొక దశకు మనిషిని దాటించుటకు చేయు కర్మలను 1909లో ఫ్రెంచి పండితుడు ఆర్నాల్డ్ వాన్ జెనెప్ మూడు భాగములుగా విడదీసెను: వేరు చేయుట, నడిమి స్థితియందుంచుట, తిరిగి చేర్చుకొనుట. మన సమర్త వేడుక ఈ సూత్రమునకు ఉదాహరణముగా వ్రాసినట్లే యుండును. బాలికను ఇంటిలో ఒక మూల కూర్చుండబెట్టి, తాకక, వేరు కంచములో పెట్టి, నువ్వులు బెల్లము దంచిన చిమ్మిలి తినిపించి, నియమిత దినమున తలంటు పోసి, మేనమామ తెచ్చిన చీర కట్టించి, ముత్తైదువల నడుమ కూర్చుండబెట్టుదురు. మగపిల్లవానికి పంచెకట్టు వేడుక చేయుదురు. ఇటీవల ఈ రెండును ఫంక్షను హాళ్లకు, ఫ్లెక్సీలకు ఎక్కి, వధూవరుల వేడుకతో పోటీపడు ఖర్చుగా మారినవి. అప్పు చేసి సారీ ఫంక్షను చేయు కుటుంబములను చూచి నేను బాధపడుదును. ఖర్చుకంటె నన్ను కలతపెట్టు విషయము వేరొకటి. వేరు చేయుట, నడుమ నుంచుట యను రెండు భాగములు పూర్తిగా జరుగును. తిరిగి చేర్చుకొనుట యనునది మాత్రము ఆడపిల్ల విషయమున అరకొరయే. పంచె కట్టిన బాలుని మరునాడు తండ్రి తన వెంట సంతకు తీసికొనిపోవును. చీర కట్టిన బాలికను మరునాడు ఎచటికి చేర్చుకొనిరి? ఆమెను గూర్చిన చర్చలోనికైనను ఆమెను పిలువరు.

మోమిన్‌పేట పేరులోనే ముస్లింల జాడ కలదు. వారి ధర్మశాస్త్రము ఈ విషయమున ఒక గొప్ప వివేకము చూపినది. దేహమున యుక్తవయస్సు వచ్చుట వేరు, 'రుష్ద్' అనబడు బుద్ధిపరిపక్వత వచ్చుట వేరు. అనాథల సొత్తు వారి చేతికి ఇచ్చుటకు మొదటిది చాలదు, రెండవది పరీక్షించి చూడవలెనని ఖురాను ఆదేశము. మన నారదస్మృతియు ఎనిమిదేండ్ల వరకు శిశువనియు, పదునాఱేండ్ల వరకు బాలుడనియు, ఆపై వ్యవహారజ్ఞుడనియు విభజించి, ఆ వ్యవహారజ్ఞునకు గూడ తల్లిదండ్రులు లేనప్పుడే స్వాతంత్ర్యమని చేర్చినది. వయస్సు వచ్చుటను, బుద్ధి వచ్చుటను, అధికారము వచ్చుటను వేరువేరుగా ఎంచిన ఈ పూర్వుల చూపు నేటి మనస్తత్వశాస్త్రమునకు చాల దగ్గరగా నున్నది. లారెన్స్ స్టైన్‌బర్గు మొదలగువారి పరిశోధనలు చెప్పునదేమనగా, తొందర లేక, ఉద్రేకము లేక, కూర్చుండి ఆలోచించు సందర్భములలో పదునాఱేండ్లవారి తర్కము పెద్దలతో సమానమే. కాని తోటివారి నడుమ, ఆవేశమున, తక్షణలాభము కనబడినప్పుడు తమ్ము తాము నిగ్రహించుకొను శక్తి ఇరువది దాటిన తరువాతగాని నిలుకడ చెందదు. మెదడు ముందుభాగము ఆ వయస్సువరకు ఎదుగుచునే యుండును. చట్టములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క వయస్సు కనబడుటకు కొంత హేతువు ఇందులో దొరకును. 1875 చట్టము పదునెనిమిదేండ్లకు మేజరన్నది. ఓటు హక్కు 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఇరువదియొకటినుండి పదునెనిమిదికి దిగినది. ఘోరనేరముల విషయమున 16-18 ఏండ్లవారిని పెద్దలవలె విచారింపవచ్చునని 2015 చట్టము చెప్పినది. స్త్రీల వివాహవయస్సును గూడ 21 చేయుటకు 2021లో తెచ్చిన బిల్లు లోకసభ కాలపరిమితితో రద్దయినది. అది రద్దగుటకు నేను విచారింపను. కుటుంబము ఇష్టపడని వివాహము చేసికొన్న పందొమ్మిదేండ్ల యువతిపై, తండ్రి పోలీసులను తెచ్చుటకు అది ఆయుధమై యుండెడిది.

ఇప్పుడు మనస్తత్వశాస్త్రజ్ఞుడు జెఫ్రీ ఆర్నెట్ విషయము. 2000 సంవత్సరమున ఆయన, పదునెనిమిదినుండి ఇరువదియైదువరకు గల వయస్సు కౌమారమును గాదు, పెద్దతనమును గాదు, ఒక క్రొత్త దశయనియు, అన్వేషణము, అస్థిరత్వము, తనపై తనకు చూపు, నడుమ నున్నానను భావము, ఎన్నో దారులు తెరచియున్నవను ఆశ దాని లక్షణములనియు ప్రతిపాదించెను. పారిశ్రామిక దేశములలో చదువులు పొడుగై, వివాహములు వెనుకకు జరుగుటచే ఈ దశ పుట్టినదని ఆయన వాదము. మోమిన్‌పేటనుండి పోయి హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచు హాస్టలులో నుండు యువకునకు ఈ వర్ణన కొంత సరిపోవును. కాని అశోక్‌నగరు గదులలో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయపు మెట్లపై, గ్రూపు పరీక్షల పుస్తకములు ముందు పెట్టుకొని ఏండ్లు గడుపు వేలాది గ్రామయువకుల స్థితిని అన్వేషణమని పిలుచుట నాకు సమ్మతము కాదు. తెలంగాణము ఏర్పడిన తరువాత మొదటి గ్రూపు-1 ప్రకటన 2022లో 503 ఉద్యోగములకు రాగా, దరఖాస్తులు మూడు లక్షల ఎనుబదివేలకు పైబడినవి. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రముల లీకుచే రద్దయినది, 2023 జూనులో మరల జరిగినది హైకోర్టు తీర్పుచే రద్దయినది. ఇరువదినాలుగేండ్లకు సిద్ధపడినవాడు ఇరువదియేడవ యేటికిని సిద్ధపడుచునే యుండెను. ఊరికి పోయినప్పుడు "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అను ఒక్క ప్రశ్నకు భయపడి పండుగలకు గూడ ఇంటికి పోవుట మానుకొన్నవారు గలరు. మీరటు యువకులను గూర్చి క్రెయిగ్ జెఫ్రీ 2010లో వ్రాసిన గ్రంథమును, ఆఫ్రికా యువతను గూర్చి అల్సిండా హొన్వానా వ్రాసిన వ్రాతలును ఈ స్థితిని సరిగా పట్టుకొన్నవి: ఇది ఎంపిక లేని నిరీక్షణము. వాని దేహము ఎదిగినది, బుద్ధి ఎదిగినది, ఓటు ఎదిగినది. "చేతికి రాలేదు" అను ఒక్క మాటచే వాని పెద్దతనము ఆపబడినది.

జేమ్స్ మార్షియా 1966లో ఎరిక్సన్ భావమునకు కొలబద్ద కట్టి, వెదకి నిశ్చయించుకొన్నవాడు, వెదకుచున్నవాడు, వెదకకయే నిశ్చయించుకొన్నవాడు, వెదకుటయు నిశ్చయమును లేనివాడు అని నాలుగు స్థితులు చెప్పెను. తండ్రి చెప్పిన కోర్సు చదివి, తండ్రి చూపిన సంబంధము చేసికొను మన యువకుడు ఈ కొలతలో మూడవ గడిలో, అపరిపక్వుల వరుసలో పడును. ఇది నాకు న్యాయముగా తోచదు. వెదకుట ఒంటరిగానే జరుగవలెనన్న నియమమేమి? అమ్మమ్మ, మేనమామ, పెద్దన్న కూర్చుండి తర్కించు ఇంటిలో వెదకుట నలుగురిలో జరుగును. అడుగవలసిన ప్రశ్న, ఆ నలుగురిలో వాడు గాని ఆమె గాని ఉన్నారా యనునది.

ఇట్లు ఒక్కొక్క దశను ఒక్కొక్క శాస్త్రజ్ఞుడు ఒక్కొక్క నాటి చూపుతో వర్ణించుచుండగా, 1974లో గ్లెన్ ఎల్డర్ అనునతడు ఆర్థికమాంద్యపు కాలమున పెరిగిన కాలిఫోర్నియా పిల్లలను ఏండ్లతరబడి వెంబడించిన సమాచారముతో, ఒకే చారిత్రక ఘటన వేరువేరు వయస్సులవారిని వేరువేరుగా మలచునని చూపెను. తెలుగునాట ఇట్టి పని జరిగినదని చాలమందికి తెలియదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము నడపు 'యంగ్ లైవ్స్' అను అధ్యయనము ఇథియోపియా, పెరూ, వియత్నాములతోబాటు మన దేశమున ఉమ్మడి ఆంధ్రప్రదేశును ఎంచుకొని, 1994-95లో పుట్టిన వేయిమందిని, 2001-02లో పుట్టిన రెండువేలమందిని 2002 మొదలు మరల మరల కలిసికొని ప్రశ్నించుచు వచ్చినది. ఆ క్షేత్రములలో ఉమ్మడి మహబూబ్‌నగరు జిల్లా ఒకటి. 2016లో ఆ జిల్లానుండియే కొడంగలు, బొమ్మరాసుపేట, దౌలతాబాదు మండలములు విడివడి వికారాబాదులో చేరినవి. కావున ఆ లెక్కలు మనకు పరాయివి కావు. ఎనిమిదేండ్ల వయస్సున మొదట పలుకరింపబడిన పిల్లలు ఇరువది యేండ్ల ముంగిట నుండగా 2014 జూన్ 2న వారి రాష్ట్రమే రెండైనది. ఆ పిల్లల కథలో నన్ను అన్నిటికంటె కదిలించినది ఇది: పండ్రెండేండ్ల వయస్సున ఆడపిల్లలును మగపిల్లలును, వారి తల్లిదండ్రులును గూడ, పెద్ద చదువులే కోరిరి, దారులు చీలినది పదునైదవ యేటి ప్రాంతమున. ఆ వయస్సున బడిలో నిలిచిన బాలికకంటె, బడి విడిచిన బాలికకు బాల్యవివాహపు ముప్పు ఎన్నో రెట్లు అధికమని తేలినది. ఈడు వచ్చుట ఇద్దరికిని ఒకటే. ఒకరికి గడువు దొరకినది, ఒకరికి దొరకలేదు. పల్లెలో పదవ తరగతి తరువాత కళాశాలకు పోవలసిన దూరము, సాయంకాలపు బస్సు, దారిలో పోకిరీల భయము, "మంచి సంబంధం మల్ల రాదు" అను తొందర: ఒక యువతి వ్యక్తిత్వము ఏ దశకు చేరునో నిర్ణయించునవి ఇవి. మనస్తత్వశాస్త్ర గ్రంథములలో బస్సు వేళలకు అధ్యాయము లేకపోవుట గొప్ప లోపము.

తెలంగాణ ప్రభుత్వము 2014 అక్టోబరు 2న ఆరంభించిన కల్యాణలక్ష్మి, షాదీ ముబారకు పథకములు 51,000 రూపాయలతో మొదలై 2018 నాటికి 1,00,116 రూపాయలకు చేరినవి. వధువునకు పదునెనిమిదేండ్లు నిండినట్లు పత్రము చూపవలెనన్న షరతు పెట్టుట మంచి పనియే. ఆ షరతు చూచి పెండ్లి ఆపుకొన్న కుటుంబములు ఉండవచ్చును. కాని ప్రభుత్వము తన కూతురునకు ఇచ్చు పెద్ద కానుక ఆమె డిగ్రీ ముగించిన నాడు గాక, పెండ్లి పీటలపై కూర్చుండిన నాడు అందుచున్నంతవరకు, ఆమెకు పెద్దతనము అనగా పెండ్లియే యను పాత పాఠమును మనము క్రొత్త అక్షరములతో చదివించుచున్నట్లే యగును. ఆస్తి విషయమునను ఇట్లే: 1985లోనే ఆంధ్రప్రదేశ్ సవరణము కుమార్తెలను ఉమ్మడి ఆస్తిలో పాలివారిని చేసినది, 2005లో దేశమంతటికిని ఆ హక్కు వచ్చినది, ఆ హక్కు అడిగిన ఆడబిడ్డను పుట్టింటికి పిలుచుట మానివేసిన అన్నదమ్ములను మనము ఎరుగుదుము. చట్టము ఇచ్చిన పెద్దతనమును ఇల్లు ఒప్పుకొనలేదు.

ఇంతవరకు చెప్పినవానిని కలిపి చూచినచో నా నిర్ణయమిది. దేహశాస్త్రజ్ఞుని లెక్కయు, దశల పట్టికయు, అయిదు గుర్తుల జాబితాయు మనిషి పెద్దతనమునకు సిద్ధమైనాడా లేదా యని మాత్రమే చెప్పగలవు. మోమిన్‌పేటవంటి చోట పెద్దతనము పూర్తియగునది ఒక్కదానితోనే: తన చదువు, తన పని, తన పెండ్లి విషయమున తన మాట ఇంటిలో చెల్లుబాటగుటతో. మన పూర్వులు తెలిసియే రచ్చకట్ట కడ మాట చెల్లువానిని పెద్దమనిషి యనిరి. అదే పేరును బాలికకు పెట్టి, ఆ పేరుతో రావలసిన మాటను మాత్రము ఆమెకు ఈయకుండుట మనము చేసిన యన్యాయము. ఉద్యోగము రాని కొడుకు నోరు మూయించుట దానికి తోడు.

'యంగ్ లైవ్స్' అధ్యయనపు ఆ మూడువేలమంది బిడ్డలను పరిశోధకులు ఇన్నిసార్లు కూర్చుండబెట్టి, "నీకేమి కావలెను?" అని అడిగి వ్రాసికొన్నారు. ఈ ఏడు మీ ఇంటిలో పదవ తరగతి ముగించు కూతురున్నచో, సంబంధములు తెచ్చువారికి కుర్చీ వేయకముందు, ఆ ప్రశ్న మీరు ఆమెను అడుగుడు. ఆమె సమాధానము చెప్పి ముగించునంతవరకు నడుమ మాటాడకుడు.